నొప్పి తగ్గిందండీ, ఇంకేం కావాలి?

నోట్లో ముప్పై రెండు పళ్ళున్నా మనకు గుర్తుండేది సలిపే పన్ను ఒక్కటే. సలపనంత కాలం పళ్ళనేవి ఫొటోలో నవ్వడానికీ, కోపమొస్తే నూరడానికీ, చెరుకు చీల్చడానికీ పనికొచ్చే సామాను. మన ఇంటి వైద్యశాస్త్రంలో పుచ్చుపంటికి ఉన్న లక్షణం నొప్పే. అది వస్తే జబ్బు వచ్చినట్టు, అది పోతే జబ్బు పోయినట్టు. మధ్యలో పంటికి చిల్లు పడి, అందులో వేరుశనగ పలుకు కాపురం పెట్టిందంటే అది పళ్ళ డాక్టరు సొంత బాధ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఏ ఊళ్ళో ఏ పళ్ళ ఆసుపత్రికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నా ఈ సంభాషణ వినిపిస్తుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"నిన్న రాత్రి నుంచేనండీ. అంతకుముందు రాయిలా ఉండేది."

డాక్టరు చిన్న అద్దం పెట్టి చూస్తారు. కింది దవడ పన్ను, దాని నడినెత్తిన గుంట. అంచులు నల్లగా ఉన్నాయి. లోపల గోధుమరంగుకు తిరిగిన పన్ను సన్న చెంచాతో గీరితే పొరలు పొరలుగా లేచి వస్తోంది. అడుగున నిన్నటిదో మొన్నటిదో కొత్తిమీర ఆకు, ఇంకా పచ్చగానే ఉంది.

"ఇది రాత్రికి రాత్రి పడిన గుంట కాదమ్మా. ఏడాదీ రెండేళ్ళ నాటిది."

"అలా ఎలా అవుతుందండీ! మొన్న మా ఆడపడుచు వాళ్ళింట్లో జంతికలు కూడా ఈ పక్కనే నమిలాను."

అప్పటిదాకా గోడమీది పళ్ళబొమ్మ చూస్తున్న భర్త నోరు విప్పుతాడు. "నువ్వు ఆ పక్క నమలడం మానేసి ఏడాది దాటిందిగా. సంక్రాంతికి అరిసె కూడా ఎడంవైపే పెట్టుకున్నావు." ఆవిడ చూసిన చూపుకు ఆయన మళ్ళీ పళ్ళబొమ్మ దగ్గరికి వెళ్ళిపోతాడు.

ఆవిడ అబద్ధం ఆడటం లేదు. మన లెక్కలో జబ్బు పుట్టినరోజు అంటే నొప్పి పుట్టిన రోజే. ఏడాదిగా ఒక పక్కే నమలడం, చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనడం, భోజనం కాగానే అగ్గిపుల్లతో అదే సందు కెలకడం జబ్బు కిందికి రావు. అవి అలవాట్లు. ఆయనకు చుట్ట, ఈవిడకు అగ్గిపుల్ల.

పంటి పైపొరను బళ్ళో పింగాణి అని చదువుకున్నాం. ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు. అందులో నరాలూ లేవు, కాబట్టి దాన్ని ఎవరెంత తొలిచినా కిక్కురుమనదు. పళ్ళమీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను తాము తిని ఆమ్లం వదులుతాయి. అక్కడ పీహెచ్ దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే పింగాణిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. అరగంటకో గంటకో లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. రోజంతా నోట్లో ఈ తీసివేతలూ కూడికలూ నడుస్తూనే ఉంటాయి. తీసివేతలు ఎక్కువైన చోట మొదట సున్నపు రంగులో ఒక మచ్చ తేలుతుంది. ఈ దశలో డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఫ్లోరైడ్ పేస్టూ, తిండిలో కాస్త అదుపూ ఉంటే పుచ్చు అక్కడే ఆగిపోతుంది, ఖనిజం మళ్ళీ చేరుతుంది కూడా. మొత్తం కథలో దాదాపు పైసా ఖర్చు లేకుండా వెనక్కి తిరిగే అవకాశం ఇక్కడే ఉంది. డాక్టరు అద్దం పెట్టి "ఇదిగో, ఇక్కడ తెల్లమచ్చ" అని చూపిస్తే మనం అనే మాట: "తెల్లగా ఉంటే మంచిదేగా డాక్టర్ గారూ!"

పింగాణి దాటాక లోపలి పొర మెత్తన. పుచ్చు అక్కడ అడ్డంగా పాకుతుంది. పైకి ఆవగింజంత నల్లచుక్క ఉంటుంది, లోపల గది ఖాళీ అయిపోతుంది. డాక్టరు ఆ చుక్కను తెరిచి, చెడినదంతా తీసి సిమెంటు పెడితే మనకు కనిపించేది ఆయన చేసిన గుంటే. "ఇంత చుక్కకు అంత తొలిచాడండీ, మంచి పన్ను పాడు చేశాడు" అని వీధి చివరిదాకా ప్రచారం చేసి వస్తాం.

పన్ను ఎందుకు పుచ్చిందన్న ప్రశ్నకు మాత్రం మన ఇళ్ళలో సమాధానాల కరువు లేదు. మొదటి ముద్దాయి వేడి. తెలుగునాట వేడి చేయకుండా వచ్చిన జబ్బు ఒక్కటి చూపించండి. కన్ను ఎర్రబడినా, నోరు పూసినా, పన్ను పుచ్చినా వేడే. చలవకు సబ్జాగింజల నీళ్ళు తాగమంటారు, రెండు చెంచాల పంచదార కలుపుకుని. తరువాతిది కాల్షియం. ఎవరూ చెప్పకుండానే మెడికల్ షాపులో మాత్రల డబ్బా కొని నెలరోజులు మింగుతాం. మొలిచేసిన పంటి పింగాణికి కడుపులోంచి కాల్షియం వెళ్ళే దారి లేదన్న సంగతి ఆ డబ్బా మీద రాయరు. ఇవేవీ కుదరకపోతే వంశం ఉండనే ఉంది. "మా నాన్నగారివీ ఇంతేనండీ, మా మేనత్తవీ ఇంతే." వంశపారంపర్యంగా వచ్చినవాటిలో వంటింటి పంచదార డబ్బా కూడా ఉందని ఎవరూ గమనించరు.

అందరికన్నా పాతకాపు మాత్రం పురుగే. పంట్లో పురుగు కూర్చుని కొరుకుతోందని బాబిలోనియా వాళ్ళు మట్టిపలక మీద మంత్రమే రాసిపెట్టుకున్నారు. 1683లో డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే ఆయన తన పళ్ళ సందుల్లోని పాచిని గీరి భూతద్దం కింద పెట్టి, అందులో కదిలే సూక్ష్మజీవులను చూసి లండన్‌కు ఉత్తరం రాశాడు. 1728లో పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు పంటి పురుగు లేదు గిరుగు లేదని పుస్తకంలో తేల్చేశాడు. 1890లో, బెర్లిన్‌లో పనిచేస్తున్న మిల్లర్ అనే అమెరికన్, పిండీ చక్కెరా పులిసి పుట్టిన ఆమ్లమే పంటిని తింటోందని వివరించాడు. ఇంతమంది ఇంత కష్టపడ్డాక మనం అర్థం చేసుకున్నది: "పంటికి పురుగు పట్టింది."

సంతలో గుడ్డ పరుచుకుని కూర్చున్నాయన మనకన్నా నయం, ఆయన దగ్గర సాక్ష్యం ఉంటుంది. ఏవో గింజలు నిప్పులమీద వేసి, ఆ పొగ పంటికి పట్టించి, పురుగులు రాలాయని ఆకులో చూపిస్తాడు. యూరప్‌లో ఖురాసాని వాము గింజలతో ఇదే తంతు శతాబ్దాల తరబడి నడిచింది. వేడికి గింజ పేలి లోపలి తెల్లటి మొలక బయటికొస్తే దాన్నే పురుగని చూపించేవాళ్ళు. సరే, చదువు లేని చోట సంత వైద్యుడు బతికాడనుకుందాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన రూట్ కెనాల్ చేయించుకుంటూ, డాక్టరు సన్నటి తీగతో బయటికి లాగిన నరాన్ని చూసి, తెల్లటి దారప్పోగుకు కొంచెం రక్తం అంటి ఉందంతే, "అదుగో డాక్టర్, వార్మ్!" అని ఫోను తీసి ఫొటో కొట్టుకుంటే ఏమనాలి?

పురుగులో గొప్ప సుఖం ఉంది. అది బయటి నుంచి వచ్చింది. మనం ఏమీ చేయలేదు, అదే వచ్చింది, అదే తింది. చక్కెర అంటే మన చెయ్యి, మన చెంచా, మన వంటిల్లు బోనెక్కాలి. అందుకే వేల ఏళ్ళయినా పురుగు చావలేదు.

ఇక ఆ చక్కెర సంగతి. స్వీడన్‌లో లుండ్ నగరం దగ్గర విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. 1940లలో అక్కడి మానసిక వికలాంగుల మీద ఒక ప్రయోగం చేశారు. మీకిష్టమేనా అని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. కొందరికి చక్కెరను భోజనంతో పాటే ఇచ్చారు, వాళ్ళ పళ్ళకు పెద్ద నష్టం రాలేదు. కొందరికి భోజనాల మధ్య, పంటికి బంకలా అతుక్కునే టాఫీలు రోజంతా పెట్టారు. వాళ్ళ పళ్ళు సర్వనాశనమయ్యాయి. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, అది ఎంతసేపు పంటిని పట్టుకుని ఉందన్నదే ముఖ్యమని అలా తేలింది. అడగడానికి దిక్కులేని మనుషుల పళ్ళు పోగొట్టి సంపాదించిన జ్ఞానం అది. మనం దాన్ని వాడుకోకపోగా, అదే ప్రయోగాన్ని ఇంటింటా సొంత ఖర్చుతో, సొంత పిల్లల మీద కొనసాగిస్తున్నాం.

"నేను అసలు స్వీట్లే ముట్టనండీ" అని కుర్చీలో పడుకుని ప్రమాణం చేసే పెద్దమనిషిని చూడండి. లేవగానే కాఫీ. టిఫినయ్యాక మరో కప్పు. ఆఫీసులో పదకొండింటికి టీ, ఆ టీనీ గుక్కెడు తాగి పక్కన పెట్టి, ఫోను మాట్లాడి, మళ్ళీ గుక్కెడు. దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్ రెండు. మధ్యాహ్నం భోజనం మీద తీపి సోంపు, నాలుగింటికి మళ్ళీ టీ. ఆయన నోట్లో లాలాజలం ఒక ఆమ్లాన్ని విరిచి ఊపిరి పీల్చుకునేలోపు రెండోది దిగుతుంది. అయినా ఆయన స్వీటు ముట్టలేదు. మన భాషలో స్వీటంటే అట్టపెట్టెలో, నెయ్యి మరకలతో, మొహమాటపెట్టి ఇచ్చేదే. టీలో వేసింది టీ. బిస్కెట్ నంజుడు. పసివాడి పాలసీసాలో కలిపింది పాలు. దగ్గు సిరప్ మందు. ప్రసాదం సంగతి ఎత్తితే కళ్ళు పోతాయి. పెద్దలకు రోజుకు సుమారు ఆరు చెంచాలకు మించని చక్కెర మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన పెద్దమనిషి ఆ ఆరూ టీలలోనే తాగేసి, మిగతా రోజంతా చక్కెరకు దూరంగా ఉన్నానని నమ్ముతాడు.

"మా తాతకు తొంభై ఏళ్ళకీ ఒక్క పన్ను కదల్లేదు, వేపపుల్లే వాడాడు" అని ఆయన చివరి అస్త్రం తీస్తాడు. నిజమే కావచ్చు. తాతగారు బెల్లంముక్క పండక్కీ పబ్బానికీ తిన్నారు, వేపపుల్లను అరగంట నమిలారు. మనవడు ఆ రెంటిలో వేపపుల్లనే తీసుకున్నాడు, అదీ టూత్‌పేస్టు పెట్టెమీద అచ్చేసిన వేపాకు బొమ్మ రూపంలో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చక్కెర దొరకని నార్వే, జపాన్ లాంటి చోట్ల పిల్లల పళ్ళ పుచ్చు తగ్గిపోయింది. వాళ్ళకు వేపచెట్లు లేవు.

తోముకోవడంలోనూ మనది వేరే దారి. పొద్దున్నే మన వీధుల్లో నాలుక గీసుకునే ఆ ఖాండ్రింపు విన్నవాళ్ళు ఈ జాతికి నోటి శుభ్రత లేదని అనలేరు. పాచినోటితో కాఫీ కూడా ముట్టం. మంచిదే. కానీ అది మడి, పళ్ళ సంరక్షణ కాదు. పొద్దున తోమేది దేవుడి కోసం, ఆఫీసు కోసం, ఎదురొచ్చేవాళ్ళ కోసం. రాత్రి తోముకోమని చెప్పి చూడండి. "పడుకునే ముందా? ఎవరు చూస్తారండీ?" నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పళ్ళకు కాపలా లేని సమయం అదే. సరిగ్గా అప్పుడే మనం పెరుగన్నం మీద అరటిపండు, దాని మీద పటికబెల్లం పాలు పోసి, ఆ సరంజామా అంతటినీ పళ్ళసందుల్లో భద్రపరిచి దీపం ఆర్పుతాం. పొద్దున్నే లేచి తోమేసరికి సూక్ష్మజీవుల విందు ముగిసి చాలాసేపవుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అన్న సామెత చెప్పినవాళ్ళు టూత్‌బ్రష్ చూసి ఉండరు.

ఫ్లోరైడ్ అన్న మాట చెవిన పడితే మనకు నల్గొండ గుర్తొస్తుంది. రావాల్సిందే. భూగర్భజలంలో ఫ్లోరైడ్ మితిమీరి, పిల్లల పళ్ళు గోధుమరంగు చారలు కట్టి, పెద్దల నడుములు వంగిపోయిన ఊళ్ళు అక్కడ ఉన్నాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట నమోదు చేసింది కూడా తెలుగు నేలమీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. పటికా సున్నం వేసి నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి నల్గొండ పేరే పెట్టారు. తాగేనీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఆ చారలు పన్ను చిగురు దాటి బయటికి రాకముందే, లోపల తయారయ్యేటప్పుడే పడతాయి. అది పుచ్చు కాదు, సోమరితనం అంతకన్నా కాదు. అయినా ఆ పిల్లలకు "సరిగ్గా తోముకోవు" అని తిట్లే. ఇటుకపొడితో రుద్దించిన తల్లులున్నారు, చారలు పోలేదు, పింగాణి అరిగింది.

ఇది ఒక అన్యాయం. దీన్ని చూపించి హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఇంకొకాయన చేసే తెలివి ఇంకోటి. ఆయన ఇంట్లో ఆర్వో నీళ్ళు. ఆ నల్గొండ బోరునీళ్ళ చుక్క ఏనాడూ ఆయన గొంతు దిగలేదు. కానీ "ఫ్లోరైడ్ డేంజరండీ, నల్గొండ చూడలేదా" అని ఫ్లోరైడ్ లేని పేస్టు వెతికి తెస్తాడు. అక్కడివాళ్ళు గత్యంతరం లేక రోజూ కడవలకొద్దీ తాగింది వేరు, పంటికి రాసి ఉమ్మేసేది వేరు. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. పసివాళ్ళకు బియ్యపుగింజంత, మూడేళ్ళు దాటితే బఠానీ గింజంత పేస్టు చాలని పళ్ళ డాక్టర్లు మొత్తుకుంటారు. ప్రకటనలో మాత్రం బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివరకు, చివర్న తోక తిరిగేలా పరుస్తారు. మన పిల్లలకు పేస్టు వేసేది ప్రకటన చూసే. ఫ్లోరైడ్‌కు భయపడే ఆ అపార్ట్‌మెంట్ నాన్నకు తన కూతురు స్ట్రాబెర్రీ రుచి పేస్టును బ్రష్షునిండా వేసుకుని మింగేస్తోందని తెలియదు. అదేమో బామ్మ కొనిపెట్టింది, అందులో ఫ్లోరైడ్ ఉంది.

పిల్లల దగ్గరికి వచ్చాం కాబట్టి పాలపళ్ళ సిద్ధాంతం కూడా చూద్దాం. "ఎలాగూ ఊడిపోయేవేగా!" ఎలాగూ పోతారు కదా అని అద్దెకున్నవాళ్ళింట్లో నిప్పు పెడతామా? ప్రపంచంలో పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51.4 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్కగట్టింది. రాత్రంతా ఏడ్చి, పొద్దున ఒక పక్క ముద్ద పెట్టుకుని, బళ్ళో బుగ్గ పట్టుకుని కూర్చునే పిల్లాడికి అది ఊడిపోయే పన్నని ఓదార్పు. ఊడిపోవాల్సిన వయసు కొన్ని దవడపళ్ళకు పది, పన్నెండేళ్ళు. వాడికిప్పుడు ఐదు.

ఇందులో అసలు మోసం ఆరేళ్ళప్పుడు జరుగుతుంది. పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడ పన్ను నిశ్శబ్దంగా మొలుస్తుంది. అది శాశ్వత దంతం, జన్మకు ఒక్కటే. దాని నెత్తిన లోతైన గాడులుంటాయి, బ్రష్షు అక్కడిదాకా వెళ్ళదు. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. తొమ్మిదో ఏట అది పుచ్చి నొప్పి పెడితే తీసుకొచ్చి "పీకెయ్యండి డాక్టర్ గారూ, కొత్తది వస్తుందిగా" అంటారు. రాదని చెప్పినప్పుడు ఆ తల్లి మొహం చూడాలి. డాక్టరే తప్పు చెబుతున్నాడని ఆవిడ నమ్మకం. పక్కింటావిడ పిల్లాడికి వచ్చింది మరి!

అసలు ఘట్టం మెడికల్ షాపు ముందు జరుగుతుంది. రాత్రి తొమ్మిదిన్నర. బుగ్గకు చెయ్యి ఆనించుకుని వచ్చిన మనిషి. అప్పటికే ఆ గుంటలోకి లవంగం వెళ్ళింది, లవంగనూనె దూది వెళ్ళింది, ముద్దకర్పూరం వెళ్ళింది, బావమరిది సలహామీద పొగాకు కూడా వెళ్ళింది. లవంగనూనెలో నిజంగానే తిమ్మిరెక్కించే గుణం ఉంది కాబట్టి ఒక పూట ఆగింది. చిగురుకు జిల్లేడుపాలు రాసుకుని బొబ్బలెక్కించుకున్నవాళ్ళూ ఉన్నారు, ఈయన అందాకా వెళ్ళలేదు.

"పంటినొప్పికి ఏదైనా ఇవ్వు తమ్ముడూ, గట్టిది."

తమ్ముడు ఇంటర్ ఫెయిల్. అయినా అడగాల్సిన ప్రశ్న అడుగుతాడు. "వాపు ఉందా అన్నా?" ఉందన్నా లేదన్నా ఇచ్చేది ఒకటే సెట్టు. నీళ్ళలో కరిగే నొప్పిమాత్ర ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, కడుపులో మంట రాకుండా ఇంకోటి. మూడు రోజుల కోర్సు రెండో పూటకే ఆగిపోతుంది, ఎందుకంటే నొప్పి తగ్గింది. పంటిలోపలి నరం వాచి సలుపుతుంటే యాంటీబయాటిక్ దాన్ని బాగుచేయలేదు. గుంట పూడ్చే మాత్ర ఏ కంపెనీ చేయలేదు. కానీ మన రోగి గెలిచాడు. రూట్ కెనాల్ వేలు మిగిలాయి. ఆఫీసులో ఇంకో నలుగురికి ఆ సెట్టు పేర్లు వాట్సాప్‌లో పంపుతాడు.

కొన్నాళ్ళకు ఆ పన్ను నిజంగానే నెమ్మదిస్తుంది. వేడీ చల్లనా ఏదీ తగలదు. "చూశారా, దానంతటదే తగ్గిపోయింది. డాక్టర్ దగ్గరికెళితే పదివేలు వదిలేవి!" పన్ను తగ్గలేదు, చచ్చిపోయింది. లోపలి నరం కుళ్ళి, ఇక అరవడానికి ఎవరూ మిగల్లేదు. ఫిర్యాదు చేసేవాడు పోతే కేసు కొట్టేసినట్టు మనం పండగ చేసుకుంటాం. చీము మెల్లగా వేరు చివరికి దిగి, ఎముకను తింటూ దారి వెతుక్కుంటుంది. ఓ రోజు దవడ గుమ్మడికాయంత అవుతుంది. అప్పుడు వేడినీళ్ళ కాపడం పెడతారు, చెయ్యకూడనిది సరిగ్గా అదే. చీము గడ్డం కిందికి, మెడలోకి దిగితే ఊపిరి ఆడే దారి మూసుకుపోతుంది. పిప్పిపంటితో మనిషి పోవడం కథల్లో జరిగేది కాదు. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటి రాత్రి అంబులెన్సులో కూర్చున్న అన్నగారు డ్రైవరుతో అనే మాట, "మొన్నటిదాకా బాగానే ఉన్నాడండీ."

అంతదాకా రానివాళ్ళు పీకించుకోడానికి వస్తారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాక బేరం మొదలవుతుంది. సిమెంటుకు ఎంత, రూట్ కెనాల్‌కు ఎంత, పీకడానికి ఎంత. అన్నిటికన్నా పీకడం చవక. పీకేయమంటాడు, వెంటనే భయం. పైపన్ను పీకితే కన్ను పోతుందట! పంటి నరమూ కంటినరమూ వేరువేరని ఎంత చెప్పినా, ఆయన బాబాయికి పన్ను పీకించుకున్న పదేళ్ళకు చత్వారం వచ్చింది, ఇంకేం సాక్ష్యం కావాలి? పీకిన చోట ఖాళీ వదిలేస్తాడు. పక్కపళ్ళు అటు ఒరుగుతాయి, ఎదుటి దవడ పన్ను ఆ ఖాళీలోకి దిగజారుతుంది, కొత్త సందుల్లో కొత్త పాచి. "ఒకటి పీకితే మిగతావీ వదులవుతాయని మా అమ్మ అప్పుడే చెప్పింది" అని ఆయన మళ్ళీ గెలుస్తాడు. పళ్ళు క్లీనింగ్ చేయించుకుంటే కదులుతాయని కూడా అదే అమ్మ చెప్పింది. ఏళ్ళతరబడి పట్టిన గార ఊడొచ్చాక తెలిసింది, అప్పటిదాకా పళ్ళను పట్టుకుని ఉన్నది చిగురు కాదు, గారే. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నారు. ఆ రాయిని మనం నోట్లోనే పెంచుకుంటున్నాం.

పళ్ళ డాక్టర్లను వదిలేద్దామా? వాళ్ళకూ వాటా ఉంది. ఎక్స్‌రే గోడకు పెట్టి "డీప్ కేరీస్ ఉంది, పల్ప్ ఇన్వాల్వ్ అయింది, త్రీ సిట్టింగ్స్" అని చెబుతారు. రోగి తల ఊపుతాడు. పల్ప్ అంటే ఆయనకు తెలిసింది మామిడిపండు రసం. కాలనీలో ఉచిత శిబిరం పెట్టి ఒక్కొక్కరికీ అరడజను ఫిల్లింగులు రాసి, పేస్టు ప్యాకెట్ చేతిలో పెట్టే దుకాణాలూ ఉన్నాయి. ఆగిపోగల తెల్లమచ్చను ఆత్రంగా తొలిచే చేతులూ ఉన్నాయి. అనుమానం ఊరికే పుట్టలేదు. ఉపాధి పనికి వెళ్ళే మనిషికి మూడు సిట్టింగులంటే మూడు కూలీలు పోవడం. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పళ్ళ కుర్చీ మామూలుగా ఉండదు. ఆరోగ్య బీమా కార్డు తీస్తే పంటికి చెల్లదంటారు. ఆ మనిషి పీకించుకుని వెళ్ళిపోతే నాకు నవ్వు రాదు, ఈ వ్యాసం ఆయన మీద కాదు. కారు కిస్తీ కట్టేందుకు, ఫోను ఏడాదికోసారి మార్చేందుకు లేని ఇబ్బంది, సిమెంటు పెట్టించుకునేందుకు మాత్రం "టైమెక్కడండీ" అనేవాళ్ళ మీద. పెళ్ళిచూపుల్లో అబ్బాయి బీడీఎస్ అనగానే "అంటే ఎంబీబీఎస్ సీటు రాలేదా?" అని అడిగేది కూడా వాళ్ళే.

వాళ్ళ కథ అరవై ఐదో ఏట ఒక మలుపు తిరుగుతుంది. ఉన్నవన్నీ పోతాయి. అప్పుడు వేలు పోసి కట్టుడు పళ్ళు చేయించుకుంటారు. ఇక చూడండి ఆ భక్తి! తిన్న ప్రతిసారీ తీసి కడుగుతారు. రాత్రి తప్పకుండా బ్రష్షుతో, ముందూ వెనకా, సందు సందునా తోముతారు. నీళ్ళ డబ్బాలో వేసి మూత పెడతారు. పుట్టినప్పటి నుంచి దేవుడు ఊరికే ఇచ్చిన రెండు వరసలకూ ఏనాడూ దక్కని సేవ, పుచ్చే ప్రశ్నే లేని ప్లాస్టిక్ వరసకు దక్కుతుంది. మనవడు నోట్లో చాక్లెట్ బుగ్గన పెట్టుకుని ఆ డబ్బా దగ్గరికి పాకితే తాతగారు మంచంమీంచే కేకేస్తారు.

"ఒరేయ్, దాని జోలికెళ్ళావంటే తంతాను! ఎంత పెట్టి చేయించానో తెలుసా? వెళ్ళు, బామ్మనడిగి ఇంకో చాక్లెట్ తీసుకో."